మునీశ్వరుడి క్లోజప్

తొంభైలు అప్పుడే మొదలవుతున్నాయి. పొద్దున్నంతా మెడికల్ కాలేజీలో చర్మవ్యాధుల విభాగంలో ఉద్యోగం, సాయంత్రాలు ఫిల్మ్ నగర్‌లో ఒక చిన్న కిరాయి గదిలో ప్రాక్టీసు. ఆ గది చుట్టూ అప్పటికి ఇళ్ళకంటే బండరాళ్ళే ఎక్కువ. రాళ్ళ మధ్య ఎక్కడో ఒక బంగళా, దాని ముందు ఒక షూటింగ్ వ్యాను. “మా అమ్మాయి దగ్గరికి తారలు క్యూ కడతారు” అని మా అమ్మ చుట్టాలందరికీ ఉత్తరాలు రాసింది. నా దగ్గరికి వచ్చింది మాత్రం మీసాలవాళ్ళు.

మీసాలంటే సొంత మీసాలు కావు. సినిమాల్లో గుంపులో నిలబడే జూనియర్ ఆర్టిస్టులు వాళ్ళు. కానిస్టేబుల్ వేషానికి ఒక మీసం, దొంగల ముఠాకి ఇంకో మీసం, జమీందారు నౌకరుకి వేరే మీసం. అన్నిటినీ స్పిరిట్ గమ్ అనే బంకతో అంటిస్తారు. అందులో ఒక చెట్టు జిగురు కలుస్తుంది, కొందరి చర్మానికి అది పడదు. హీరోలకైతే మేకప్‌మేన్ దూదితో స్పిరిటు అద్ది మెల్లగా తీస్తాడు. వీళ్ళకి ప్యాకప్ చెప్పగానే ఒకడు వరసగా వచ్చి పటపటా పీకేసి డబ్బాలో వేసుకుంటాడు, మర్నాడు అదే మీసం ఇంకో మొహానికి కావాలి కాబట్టి. మర్నాటి సాయంత్రానికి మీసం ఉన్నచోట సరిగ్గా మీసం ఆకారంలోనే ఎర్రగా కంది, దురద పుట్టి, నీరు కారుతూ నా బల్ల ముందు కూర్చునేవాళ్ళు. కొన్నాళ్ళకు మచ్చ చూసి వేషం చెప్పేసే స్థితికి వచ్చాను. “నిన్న పోలీసు వేషమా?” అంటే వాళ్ళు నోరెళ్ళబెట్టేవాళ్ళు.

దీన్ని పరిశోధనా వ్యాసంగా రాసి ఒక మెడికల్ జర్నల్‌కు పంపాలని నాకు పట్టుదల వచ్చింది. ఊరికే రాలేదు. కాలేజీలో మా హెడ్డుగారు ఈ సంగతి విని, “పెట్టుడు మీసాల మీద పరిశోధనా? రేపు సవరాల మీద థీసిస్ రాస్తారేమో!” అని స్టాఫ్ రూమ్‌లో అందరి ముందూ పగలబడి నవ్వాడు. ఆయనకు గుబురైన సొంత మీసం ఉంది, అదొక ధీమా. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇది అచ్చులో చూపించకపోతే నా పేరు మార్చుకుంటాననుకుని ఇంటికొచ్చాను. పేరు మార్చుకోవడం సినిమా వాళ్ళకు తేలికే గానీ నాకు సర్టిఫికెట్లన్నీ తిరగరాయించాలి.

అలాంటి సమయంలో వచ్చాడు మునీశ్వరుడు. బోరబండ మనిషి, నలభై దాటి ఉంటాయి. పౌరాణికం తీస్తున్న ఒక కంపెనీలో నెలరోజులుగా ముని వేషం. యజ్ఞం సీనులో మునుల వరసలో వెనకగా కూర్చుని నోరు కదపడం అతని పని. చెవి దగ్గర మొదలై, దవడ పొడుగునా దిగి, గడ్డం చుట్టూ తిరిగి రెండో చెవి దాకా గడ్డం ఆకారంలో ఎర్రటి దద్దు. అంచు ఎక్కడా చెదరలేదు. పెన్సిల్ పెట్టి గీసినట్టుంది. అంత చక్కటి కేసు నేను పుస్తకాల్లో కూడా చూడలేదు. అతను దురదతో గిలగిల్లాడుతుంటే నేను ఆనందం దాచుకోలేక మొహం పక్కకు తిప్పుకున్నాను.

అతన్ని పరీక్ష చేసి, ఫోటో తీసి, వ్యాసంలో ముఖ్యమైన కేసుగా పెడతానని చెప్పాను.

“ఫోటోనా? నా మొగమా? పుస్తకంల పడ్తదా?” అన్నాడు. గోక్కోవడం కూడా మానేశాడు.

పడుతుందన్నాను. అతను కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. తర్వాత తన బాధ చెప్పుకున్నాడు. పదేళ్ళకు పైగా సినిమాల్లో వేస్తున్నాడు. ప్రతిదానికీ ఏదో ఒక గడ్డమో మీసమో తలపాగానో. సినిమా విడుదలైతే పెళ్ళాన్ని టాకీసుకు తీసుకుపోతాడు. “గదిగో నేను” అని చూపిస్తాడు. ఆమె చూసేసరికి సీను మారిపోతుంది. సీను కాసేపు నిలిచినా అందరివీ ఒకే గడ్డాలు. ఆమెకు ఇప్పుడు అనుమానం పట్టుకుంది. ఈయన అసలు సినిమాల్లో లేడు, రోజూ పొద్దున బయల్దేరి ఎక్కడికో పోయి చెట్టు కింద పండుకుని వస్తున్నాడని గట్టిగా నమ్ముతోంది.

“నేను సూపియ్యకుంట గా ఒక్కపారి తనంతల తానే నన్ను గుర్తువట్టాలె డాక్టరమ్మా. ఇగ నాకేం వద్దు,” అన్నాడు.

నాకు ఒక పేపరు కావాలి, అతనికి పెళ్ళాం ముందు ఒక ముఖం కావాలి. సరే, ఇద్దరి పనీ ఒక్క ఫోటోతో అవుతుంది కదా అనుకున్నాను. ఎంత అమాయకురాలినో తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది.

మొదటి చిక్కు జర్నల్ వాళ్ళ నియమాల పేజీలోనే వచ్చింది. వ్యాసం మూడు కాపీలు పంపాలి. వరసకూ వరసకూ మధ్య ఖాళీ ఉండాలి, పక్కన వెడల్పాటి మార్జిన్ ఉండాలి. ఫోటోలు నలుపు తెలుపువి, మెరిసే కాగితం మీద. వెనకవైపు పెన్సిల్‌తో బాణం గుర్తు వేసి ఏది పైభాగమో చూపించాలి. ఆఖరి నియమం దగ్గర ఆగిపోయాను. రోగిని ఎవరూ గుర్తుపట్టకుండా కళ్ళ మీద నల్లపట్టీ వెయ్యాలట, లేకపోతే రోగి రాతపూర్వకంగా ఒప్పుకోవాలట.

ఈ సంగతి మునీశ్వరుడికి చెప్తే కుర్చీలోంచి లేచాడు.

“గడ్డం తీసినంక మల్ల కండ్లకు గంతలా? ఇదేం న్యాయం డాక్టరమ్మా! గుర్తువట్టొద్దు అన్నది ఎవలు? నేనే పట్టుమంటున్న గదా!”

అన్ని దేశాల రోగులూ తమను ఎవరూ గుర్తుపట్టకూడదని కోరుకుంటారని ఆ జర్నల్ వాళ్ళు అనుకున్నారు. ఫిల్మ్ నగర్ సంగతి వాళ్ళకేం తెలుసు? అయితే రాసివ్వమన్నాను. అక్కడే బల్ల మీద వంగి, నాలుక బయటపెట్టి, ఒత్తి ఒత్తి రాసిచ్చాడు. “నా మొగము మొత్తము ఎయ్యాలె. కండ్లు గూడ ఎయ్యాలె. నాకు సమ్మతమే గాదు, నాకు అదే గావాలె.” కింద సంతకం. దానికి ఇంగ్లీషు అనువాదం చేసి జత చేశాను. ‘నాకు అదే గావాలె’ అన్నదాన్ని వైద్యభాషలోకి దింపడానికి నాకొక పూటంతా పట్టింది.

తర్వాత పరీక్ష. ఇలాంటి పడనితనానికి వీపు మీద పరీక్ష చేస్తాం. బంక, రంగు, స్పిరిటు విడివిడిగా చిన్న బిళ్ళల్లో పెట్టి వీపుకు టేపుతో అంటిస్తాం. రెండు రోజులు అక్కడ తడి తగలకూడదు. అప్పుడు విప్పి చూస్తే ఏది పడలేదో అక్కడ ఎర్రబడుతుంది. మునీశ్వరుడికి నేను ఒకటికి పదిసార్లు చెప్పాను, స్నానం కూడా వద్దన్నాను. దానికేం అభ్యంతరం పెట్టలేదు.

మర్నాడు అతనికి యజ్ఞం పూర్తయి వాన కురిసే సీనుకు పిలుపొచ్చింది.

అతను మానలేదు, మానితే మునుల వరసలో అతని చోటు ఇంకొకడికి పోతుంది. అలాగని నా పరీక్షా పాడుచెయ్యలేదు. ఎక్కణ్ణుంచో ఒక నల్ల గొడుగు తెచ్చుకుని, వాన గొట్టాలు విప్పగానే దాన్ని విప్పి పట్టుకున్నాడు. యజ్ఞకుండం చుట్టూ మునులందరూ చేతులెత్తి వానలో తడుస్తూ దేవుణ్ణి పొగుడుతున్నారు, వెనక వరసలో ఒక ముని గొడుగు వేసుకుని పొగుడుతున్నాడు. కెమెరా తిరుగుతూనే ఉంది. ఎవరూ చూసుకోలేదు. మర్నాడే ఎడిటింగ్‌లో చూసుకుని ఆ ముక్క కోసేశారు, ఆర్టిస్టులను పంపే ఏజెంటు చేత నానా తిట్లూ తిట్టించారు.

పరీక్ష మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది. బంక పెట్టినచోట ఎర్రగా పొక్కింది, మిగతా చోట్ల ఏమీ లేదు. నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. మునీశ్వరుడు మాత్రం దిగాలుగా కూర్చున్నాడు.

“గా ఒక్క షాట్‌ల దొరికిపోతుంటి డాక్టరమ్మా. గొడుగు పట్టిన మునిని నేనొక్కన్నే గదా. గదే కోసిండ్రు,” అన్నాడు.

 రేపు ఫోటో తీస్తాం కదా, దానిలో ఎవరూ ఏదీ కొయ్యరు అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

ఫోటో తియ్యడానికి మా వీధి చివర స్టూడియో పెట్టుకున్న స్టిల్ ఫోటోగ్రాఫరును పిలిచాను. కోస్తా మనిషి, మద్రాసు నుంచి పరిశ్రమతోబాటు ఇక్కడికి తరలివచ్చాడు. ఎందరో హీరోల స్టిల్స్ తీశాడు. వస్తూనే రెండు లైట్లు, ఒక థర్మోకోల్ అట్ట, ఒక టేబుల్ ఫ్యాను దించాడు.

“ఫ్యానెందుకండీ?” అన్నాను.

“జుట్టు కొంచెం ఎగిరితే బావుంటుంది డాక్టరుగారూ.”

జుట్టుతో పని లేదు, గడ్డం చుట్టూ ఉన్న దద్దు కనపడితే చాలు అన్నాను. అతను నా వంక జాలిగా చూశాడు. కుడివైపు లైటు తగ్గిస్తే మూడ్ వస్తుందన్నాడు. మూడ్ వద్దన్నాను. కళ్ళల్లో చిన్న మెరుపు? వద్దన్నాను. చివరికి మొహమంతా ఒకే వెలుగు పడేలా తీయించేసరికి అతను చెమటలు కక్కాడు. “ఇలా పాస్‌పోర్టు ఫోటోలు తీస్తారండీ,” అని గొణిగాడు. మునీశ్వరుడు మాత్రం పెద్ద కెమెరా తనొక్కడి మీదికే తిరిగిందని ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. రెప్ప వెయ్యడానికి కూడా నన్ను అనుమతి అడిగాడు.

ఫోటో అయిపోగానే వైద్యం మొదలుపెట్టాను. గడ్డాల వేషాలు మానమన్నాను. పూతమందు ఇచ్చాను. పది పన్నెండు రోజుల్లో చర్మం శుభ్రమైపోయింది. ఈలోగా నేను వ్యాసం టైపు చేయించే పనిలో పడ్డాను.

టైపు చేసేవాడు సినిమా కంపెనీలకు స్క్రిప్టులు కొట్టేవాడు. ఇంగ్లీషు బాగానే వచ్చు. కానీ అతని చేతికి అలవాటైన పద్ధతి ఒకటుంది. స్క్రిప్టులో పేజీ ఎడమ సగంలో ఎవరు ఎక్కడ నిలబడాలో రాస్తారు, కుడి సగంలో మాటలు కొడతారు. పక్కన వెడల్పాటి మార్జిన్ వదలమని నేను చెప్పడమే పాపమైంది. వ్యాసం మొత్తం పేజీకి కుడి సగంలోనే కొట్టి, ఎడమ సగం ఖాళీగా వదిలాడు. చెప్పిన దానికి రెట్టింపు పేజీలు తేలాయి. పైగా ఎడమవైపు అక్కడక్కడా తన అభిప్రాయాలు పెన్సిల్‌తో రాశాడు. పరీక్ష ఫలితాల పక్కన ‘లాగ్ ఉంది’ అని రాసి ఉంది.

“లాగ్ ఏంటయ్యా?” అన్నాను.

“మీసాలన్నీ ఒకదాని తర్వాత ఒకటి వస్తుంటే చదివేవాళ్ళకి విసుగొస్తుంది మేడమ్. మునిని ముందుకు తెచ్చేయండి. ఇంకో మాట, మీరేమీ అనుకోనంటే చెప్తా. క్లైమాక్సు తేలిపోయింది. ఇంత కథా నడిపి చివర్లో ‘ఈ విషయంలో మరింత పరిశోధన జరగవలసి ఉంది’ అంటే జనం కుర్చీలు విరగ్గొడతారు.”

నాకు కోపం ముంచుకొచ్చింది. ఇది సైన్సు, జనం చూడరు, ఎవరూ ఏమీ విరగ్గొట్టరు అని అరిచాను. మొత్తం మళ్ళీ కొట్టించాను. అయితే మునిని మాత్రం ముందుకు తెచ్చాను. అదే బాగుంది మరి, ఏం చెయ్యను?

ఫోటోగ్రాఫరు ప్రింట్లు తెచ్చిన రోజు మునీశ్వరుడు కూడా అక్కడే ఉన్నాడు. కవరు విప్పి చూసి నేను నిర్ఘాంతపోయాను.

ఫోటోలో దద్దు లేదు. ఆనవాలు కూడా లేదు. చెవి నుంచి చెవి దాకా నున్నటి చర్మం, దవడ మీద మెరుపు. నలభై దాటిన బోరబండ మనిషి ఇరవై ఎనిమిదేళ్ళ రెండో హీరోలా చిరునవ్వు నవ్వుతున్నాడు.

“మచ్చలేవండీ?” అన్నాను. 

ఫోటోగ్రాఫరు గర్వంగా నవ్వాడు. “మావాడు రాత్రంతా కూర్చుని టచింగ్ చేశాడండీ. బోలెడు పని పట్టింది. ఇంత పాడైపోయిన మొహం వాడు ఇంతవరకు చూడలేదట. ఎక్స్‌ట్రా ఏమీ అడగనులెండి.”

అతని స్టూడియోలో ఏ మొహం వచ్చినా నెగటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో మచ్చలన్నీ పూడ్చేశాకే ప్రింటు తీస్తారట. అడగక్కర్లేదు, చెప్పక్కర్లేదు, అది వాళ్ళ మర్యాద. నా పరిశోధనలో ఉన్న ఒకే ఒక్క గొప్ప సాక్ష్యాన్ని మర్యాదగా తుడిచిపెట్టేశారు. నేను కుర్చీలో కూలబడ్డాను. ఏడుపు వచ్చింది, వాళ్ళ ముందు ఏడవలేక దగ్గాను. మునీశ్వరుడి దద్దు తగ్గిపోయింది, తగ్గించింది నేనే. మళ్ళీ తియ్యడానికేముంది?

మునీశ్వరుడు నా ఏడుపు గమనించే స్థితిలో లేడు. ఒక ప్రింటు పట్టుకుని కళ్ళు ఆర్పకుండా చూసుకుంటున్నాడు. ఇదొకటి ఇంటికి తీసుకుపోతానని అడిగితే, నాకెందుకిది, తీసుకుపొమ్మన్నాను. పెళ్ళానికి చూపించడానికి పరుగెత్తాడు.

రెండు రోజుల తర్వాత వచ్చాడు, మొహం వేలాడేసుకుని.

“ఏమందయ్యా మీ ఆవిడ?”

“ఎవలీ పిలగాడు, సినిమాల కొత్తగొచ్చిండా అన్నది. నేనేనంటె నవ్వింది. ఎవని ఫోటోనో తెచ్చి నాకే టోపీ పెడ్తున్నవా అని లొల్లి పెట్టింది.”

ఆ రోజు మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ కూర్చున్నాం. నా పరిశోధన పోయింది, అతని పెళ్ళాం నమ్మకం ఉన్నది కాస్తా పోయింది. పోయేముందు అతను గుమ్మం దగ్గర ఆగి, “ఫికర్ చెయ్యకుండ్రి డాక్టరమ్మా, నేను జూస్త,” అన్నాడు. ఏం చూస్తాడో నాకు అర్థం కాలేదు, ఓదార్పు మాట అనుకున్నాను.

ఏం చూశాడో నాలుగు రోజులకు తెలిసింది. సాయంత్రం గది తలుపు తీసేసరికి బయట బెంచీ మీద మునీశ్వరుడు, పక్కనే కెమెరా ఒళ్ళో పెట్టుకుని ఫోటోగ్రాఫరు. మునీశ్వరుడి మొహం గుర్తుపట్టలేకపోయాను. గడ్డం ఆకారం దాటిపోయి బుగ్గలన్నీ బూరెల్లా పొంగాయి. కళ్ళు సన్నటి గీతలైపోయాయి. పెదవులు వాచి మాట ముద్దముద్దగా వస్తోంది.

తెలిసిన మేకప్‌మేన్‌ను బతిమాలి బంక సీసా తెచ్చుకుని, ఇంట్లోనే పాత గడ్డం అంటించుకుని రెండు రోజులు తీయకుండా కూర్చున్నాడట.

“రెడీ డాక్టరమ్మా,” అన్నాడు సంతోషంగా. “తియ్యుండ్రి ఫోటో. గీసారి టచింగ్ వద్దని చెప్పిన.”

నేను చాలామందిని తిట్టాను గానీ ఆ రోజు తిట్టినట్టు ఎవరినీ తిట్టలేదు. బుద్ధుందా అన్నాను, మనిషివేనా అన్నాను, ఊపిరి ఆడకపోతే ఎవరిదయ్యా పూచీ అన్నాను. తిడుతూనే ఇంజెక్షను ఎక్కించాను. నాకు నిజంగా భయమేసింది. నా వ్యాసం కోసం ఒక మనిషి తన మొహం తగలబెట్టుకుని వచ్చి నవ్వుతున్నాడు. ఈ మొహాన్ని ఫోటో తీస్తే నేను డాక్టర్ని కాదు, ఆ జర్నలూ వద్దు, ఆ పేపరూ వద్దు, హెడ్డుగారు ఎంత నవ్వుకుంటాడో నవ్వుకోనీ అన్నాను. మునీశ్వరుడు వాచిన కళ్ళతో బిక్కచచ్చిపోయి చూశాడు.

అప్పుడు ఫోటోగ్రాఫరు సందేహిస్తూ గొంతు సవరించుకున్నాడు.

“అసలు సంగతేంటండీ డాక్టరుగారూ? మీకు ఆ పాత మచ్చలే కావాలా?”

“మరి ఇన్నాళ్ళూ ఏం చెప్తున్నానండీ!”

“అది నెగటివ్ మీద పెన్సిలేగా. దూదికి టర్పెంటైన్ అద్ది తుడిస్తే పోతుంది. మచ్చలన్నీ కిందే ఉంటాయి, ఎక్కడికి పోతాయి?”

నేను చేతిలో ఉన్న సిరంజిని ట్రేలో పడేశాను.

“ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదు?” అన్నాను, పళ్ళు బిగబట్టి.

“మీరు అడగలేదు కదండీ. మచ్చలు తియ్యమని గొడవ చేసినవాళ్ళనే చూశాను గానీ, మచ్చలు మళ్ళీ తెచ్చిపెట్టమన్నవాళ్ళను నా సర్వీసులో చూడలేదు. కోపంలో అంటున్నారనుకున్నాను.”

మర్నాడే నెగటివ్ తుడిచి కొత్త ప్రింట్లు తెచ్చాడు. దద్దు అంచుతో సహా చెక్కుచెదరకుండా ఉంది. మునీశ్వరుడు తగ్గేదాకా రోజూ నా దగ్గరికి వచ్చి మందు రాయించుకున్నాడు, రోజూ చివాట్లు కూడా తిన్నాడు. ఫోటో వెనక బాణం గుర్తు నేను వేస్తుంటే ఏది పైకి ఏది కిందికి అని రెండుసార్లు సరిచూశాడు.

వ్యాసం చివర కృతజ్ఞతల్లో ఫోటోగ్రాఫరును తలచుకుంటానని చెప్తే అతను పెదవి విరిచాడు. “చివర్లో వేస్తే ఎవరు చూస్తారండీ? జనం లేచి వెళ్ళిపోతారు. మొదట్లో, మీ పేరు పక్కన ‘స్టిల్స్’ అని పడితే మర్యాదగా ఉంటుంది,” అన్నాడు. అలా కుదరదని నచ్చజెప్పేసరికి తలప్రాణం తోకకొచ్చింది. మూడు కాపీలు, ఫోటోలు, అనుమతి పత్రం, దాని అనువాదం అన్నీ అట్టముక్కల మధ్య పెట్టి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను.

జర్నల్ వాళ్ళు నెలల తరబడి పలకలేదు. మునీశ్వరుడు గడ్డాల వేషాలు మానేసి కూలీల గుంపుల్లో, పెళ్ళి బారాత్ సీన్లలో వేస్తున్నాడు. అటువైపు షూటింగ్ ఉన్నప్పుడల్లా తొంగి చూసి, “రిలీజ్ ఎప్పుడు డాక్టరమ్మా?” అనేవాడు. సెన్సార్‌లో ఉందనేదాన్ని నేను. ఆ సమాధానం అతనికి తేలిగ్గా అర్థమయ్యేది. చివరికి చిన్న చిన్న సవరణలతో వేసుకుంటామని ఉత్తరం వచ్చింది. ఆ ఉత్తరాన్ని హెడ్డుగారి బల్ల మీద పెట్టి, ఆయన మీసం వైపే చూస్తూ నిలబడ్డాను. చదివి, అభినందనలు అన్నాడు పొడిగా. కడుపు నిండింది.

మరికొన్ని నెలలకు సంచిక వచ్చింది. నా వ్యాసం ఉన్న పేజీ తీసి చూశాను, ప్రాణం ఉసూరుమంది. ఫోటోను ముక్కు కింద నుంచి కోసేశారు. కళ్ళు లేవు, నుదురు లేదు, ముక్కు కొస కూడా లేదు. పై పెదవి నుంచి మెడ దాకా ఉంది, అంతే. అనుమతి పత్రం ఉన్నా ఎందుకైనా మంచిదనుకున్నారో, పేజీలో చోటు చాల్లేదో నాకు తెలియదు. వైద్యానికి సంబంధించి అందులో లోటేమీ లేదు, దద్దు ఎంతో స్పష్టంగా ఉంది. ఆ మనిషికి ఏ మొహం పెట్టుకుని చూపించాలి? దాచేద్దామా అని కూడా ఆలోచించాను. పుస్తకం ఇవ్వాళ వస్తుందని నేనే ముందుగా చెప్పి ఉన్నాను, ఇక దాచేదేముంది?

సాయంత్రం పెళ్ళాన్ని వెంటబెట్టుకునే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, తలకు నూనె. ఆమె సన్నగా, పొడుగ్గా, చేతిలో కూరల సంచీతో ఉంది. పని మానుకుని రావలసి వచ్చిందని చిరాకుగా ఉంది.

“ఇదేనట చూడు, ఇందుల నా బొమ్మ ఉందట,” అని ఆమెతో అని, నావైపు తిరిగి గొంతు తగ్గించాడు. “ఏ పేజీనో చెప్పకుండ్రి డాక్టరమ్మా. దాన్నే చూడనియ్యుండ్రి.”

“ముందు నువ్వొకసారి చూడు,” అన్నాను. ఎలాగైనా అతన్ని పక్కకు పిలవాలని నా ఆరాటం. అతను వినలేదు. నా చేతిలోంచి పుస్తకం తీసుకుని ఆమె ఒళ్ళో పెట్టాడు.

అది చర్మవ్యాధుల జర్నలు. పేజీ పేజీకీ ఏదో ఒక శరీరభాగం. ఆమె మొహం చిట్లించుకుంటూ తిప్పడం మొదలుపెట్టింది. ఎవరిదో అరచెయ్యి, ఎవరిదో వీపు, పగిలిన పాదాలు. “చీ, గిదేం పుస్తకం,” అంది. ఒక పిల్లవాడి చెవి దగ్గర ఆగి అయ్యో పాపం అంది. మళ్ళీ తిప్పింది. మునీశ్వరుడు పుస్తకం వైపు చూడటం లేదు. ఆమె మొహం వైపే చూస్తున్నాడు. నేను కిటికీ వైపు తిరిగాను, నాకు చూసే ధైర్యం లేదు.

“ఇగో, నువ్వు,” అంది ఆమె.

ఏదో చెప్పాల్సిన అవసరమే లేనట్టు, దారిలో ఎదురైనవాణ్ణి పలకరించినట్టు అంది. నేను గిరుక్కున వెనక్కి తిరిగాను. ఆమె వేలు సరిగ్గా ఆ కోసిన ఫోటో మీద ఉంది.

మునీశ్వరుడు వంగి అప్పుడు చూశాడు. “కండ్లేవి?” అన్నాడు. “కండ్లు లేవు గదనే. ఎట్ల గుర్తువట్టినవ్?”

“కండ్లు నాకెందుకు? ఇన్నేండ్ల సంది పొద్దున లేస్తె గీ నోరే గదా చూసేది, మూస్తవా ఎప్పుడన్న? ఇగో, గీడ దవడ కింద జూడు. గడ్డం గీసుకున్నప్పుడల్ల గీ మూలకు ఇన్ని ఎంటికలు ఇడిసిపెడ్తవ్. ఎన్నిసార్లు చెప్పాలె నీకు? ఫోటోకు పోయెటప్పుడు గూడ అట్లనే పోయినవ్!”

నేను పుస్తకం మీదికి వంగాను. ఎడమ దవడ కింద, దద్దు అంచుకు కొంచెం అవతల, గీయకుండా మిగిలిపోయిన నాలుగు వెంట్రుకలు ఉన్నాయి. ఆ ఫోటోను నేను భూతద్దం పెట్టి చూశాను. ఫోటోగ్రాఫరు చూశాడు, పెన్సిల్ పట్టుకున్నవాడు మచ్చలే అనుకుని వాటినీ పూడ్చేశాడు, జర్నల్ వాళ్ళు చూశారు. ఆ వెంట్రుకలు మా ఎవరి కంటా పడలేదు. రోగిని ఎవరూ గుర్తుపట్టకూడదని వాళ్ళు పెట్టుకున్న నియమం నా గదిలో అలా తప్పింది. నాకు మాత్రం ఆ పేపరు అచ్చయినందుకు కలిగిన సంతోషం కంటే ఇదే ఎక్కువ సంతోషంగా అనిపించింది.

ఆమె ఇంకా గడ్డం గీసుకోవడం గురించి చివాట్లు పెడుతూనే ఉంది. మునీశ్వరుడు వింటున్నాడో లేదో తెలియదు. ఆమె వేలు తీసేయగానే పుస్తకం మూశాడు. మళ్ళీ ఆమె ఒళ్ళో పెట్టాడు.

“ఇంకొక్కపారి ఎతుకు,” అన్నాడు.